గుండె అడిగితే ఎముక ఇవ్వాల్సిందే

పెద్దవాళ్ల ఒంట్లో కాల్షియం సుమారు కిలో ఉంటుంది. 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే. మిగిలిన ఆ ఒక్క శాతం లేకపోతే కండరం కదలదు, తెగిన చోట రక్తం గడ్డకట్టదు, గుండె కొట్టుకోదు.

గుండె సంగతి బయటపడింది ఒక పొరపాటు వల్ల. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటిలో ఆడించి చూసేవాడు. ఆ నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. సహాయకుడు కుళాయి నీళ్లు పట్టేశాడు. గుండె గంటల తరబడి ఆడింది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి చూస్తే కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాల్షియమే ఆ తేడాకి కారణమని 1883లో ఆయన ప్రకటించాడు. ఇవాళ ఆసుపత్రుల్లో ఎక్కించే ఆర్‌.ఎల్‌. సెలైన్, అంటే రింగర్స్ లాక్టేట్, ఆ నీళ్ల సంతతే.

రక్తంలో కాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. బాగా తగ్గిన మనిషికి బీపీ పట్టీ బిగించి మూడు నిమిషాలు ఉంచితే మణికట్టు వంగిపోతుంది, బొటనవేలు లోపలికి ముడుచుకుంటుంది, మిగతా వేళ్లు ఒకచోటికి చేరి కొంకర్లు పోతాయి. డాక్టర్లు దీన్ని ట్రూసో గుర్తు అంటారు.

అంతదాకా రానివ్వకుండా కాపలా కాసేవి మెడలో, థైరాయిడ్ వెనక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు. వీటిని మొదట గమనించింది మనిషిలో కాదు, ఖడ్గమృగంలో! 1849లో లండన్ జూలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని కోసినప్పుడు రిచర్డ్ ఓవెన్ కంటబడ్డాయి. మనిషిలో వీటి వర్ణన 1880లో గానీ రాలేదు. రక్తంలో కాల్షియం తగ్గగానే ఈ గ్రంథులు ఎముకకు కబురంపుతాయి. ఎముక మన గాదె: తిండిలో వచ్చినా రాకపోయినా గుండెకు కొలిచి ఇవ్వాల్సిందే. అందుకే రక్త పరీక్షలో కాల్షియం మామూలుగా ఉందని తేలినా ఎముకలు గట్టిగా ఉన్నాయని అర్థం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కోడిదీ ఇదే లెక్క. ఒక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం. పెంకు కట్టే పని ఎక్కువగా రాత్రిపూట, మేత లేని వేళ సాగుతుంది కాబట్టి కొంత ఎముకల్లోంచే తీస్తుంది.

ఇక తిండి. 2020లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలంది. అంతకుముందు 600 అనేవారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, అదే తూకం పాలలో 120 అని చదివి రాగిజావతో పని అయిపోయిందనుకుంటాం. గ్లాసు జావలో పడే పిండి రెండు చెంచాలు! సంకటి ముద్ద తినేవాళ్ల సంగతి వేరు. పొట్టున్న నువ్వుల్లో దండిగా ఉంటుంది, పొట్టు తీస్తే చాలావరకు దాంతోనే పోతుంది. నెత్తళ్లు ముల్లుతో సహా నమిలేవాళ్లకు దిగుల్లేదు. పాలకూరలోనూ ఉంది గానీ ఆక్సలేట్ పట్టుకుని వదలదు: పాలలోంచి సుమారు 30 శాతం ఒంటికి పడితే, పాలకూరలోంచి 5 శాతమే.

ఆ ఆక్సలేటే కిడ్నీ రాళ్లకు ముడిసరుకు. రాయి అనగానే పాలు మానేయమని సలహా ఇచ్చేవాళ్లు వీధికి నలుగురు. ఇటలీలో మాటిమాటికీ రాళ్లు వచ్చే 120 మంది మగవాళ్లను ఐదేళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. కాల్షియం తగ్గించుకున్నవాళ్ల కంటే, కాల్షియం మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లలో రాళ్లు తిరగబెట్టడం సగమే. తిండితో వెళ్లిన కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని బయటికి పంపేస్తుంది మరి.

మాత్రలు వేసుకునేవాళ్లకు ఒక్క మాట. ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు మించితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. గర్భిణులకు ఐరన్ మాత్రలూ కాల్షియం మాత్రలూ రెండూ ఇస్తారు. రెంటినీ కలిపి మింగితే ఐరన్ సరిగా పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.