పోలీసు తుపాకీ ఎప్పుడు పేలవచ్చు?



2019 డిసెంబరు 6వ తేదీ పొద్దున మా వీధిలో మిఠాయి పంచారు. పై వాటాలో ఉండే వదినగారు గిన్నె పట్టుకుని వచ్చి, "విన్నారా వదినా, నలుగుర్నీ కాల్చేశారట! పీడ విరగడైంది, నోరు తీపి చేసుకోండి" అన్నారు. అప్పటికి తొమ్మిది రోజుల కిందట శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని చెరచి, చంపి, చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టిన కేసు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. 'దిశ' అని ఆ అమ్మాయికి పేరు పెట్టారు. ఆ కేసులో పట్టుబడిన నలుగురూ ఆ వంతెన దగ్గరే తెల్లవారుజామున పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. నిజం చెప్పాలంటే నేనూ ఆ మిఠాయి తిన్నాను. ఆడపిల్ల తల్లిని, వద్దనలేకపోయాను.

సాయంత్రం మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. లా చదువుతోంది. "అమ్మా, వాళ్లు మంచివాళ్లని నేననటం లేదు. పోలీసుల చేతిలో ఉన్నవాళ్లు ఎలా చచ్చిపోయారని అడుగుతున్నాను" అంది. నాకు కోపమైతే వచ్చింది గాని జవాబు రాలేదు. ఆ జవాబు కోసం చదివి, అడిగి తెలుసుకున్నదే ఇవాళ మీతో చెప్పుకుంటాను.

మనం రోజూ వినే 'ఎన్‌కౌంటర్' అన్న మాట చట్టం పుస్తకంలో ఎక్కడా లేదట. కాల్పులు జరిగాక పోలీసులు చెప్పుకునేది ఆత్మరక్షణ. ఆ హక్కు యూనిఫారం వేసుకున్నవాళ్లకు వేరుగా లేదు. వంటింట్లో ఉన్న మనకెంతో వాళ్లకూ అంతే. పాత ఇండియన్ పీనల్ కోడ్‌లో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు చెప్పేది దాని గురించే.

రాత్రివేళ దొంగ కత్తి పట్టుకుని మీ మీదికొచ్చాడనుకోండి. చేతికందిన రోకలిబండతో మీరొక్కటి వేశారు, వాడు చచ్చాడు. చట్టం మిమ్మల్ని తప్పు పట్టదు. మానభంగం చెయ్యబోయినవాడైనా, ఆసిడ్ పొయ్యబోయినవాడైనా అంతే. అలా కాకుండా ఇంటిల్లిపాదీ కలిసి వాణ్ణి పట్టుకుని, కత్తి లాగేసి, స్తంభానికి కట్టేశారనుకోండి. 'వీణ్ణి వదిలితే రేపు మళ్లీ వస్తాడు' అని అప్పుడు కొడితే అది హత్య. దొంగా వాడే, రోకలీ అదే, ప్రమాదం మాత్రం తీరిపోయింది. ప్రాణభయం ఉన్నంతసేపే ఆ హక్కు ఉంటుంది. ఉన్నప్పుడైనా అవసరానికి మించి హాని చెయ్యకూడదు.

ఇక అరెస్టు సంగతి. ఎదురు తిరిగినవాణ్ణో పారిపోయేవాణ్ణో పట్టుకోవటానికి అవసరమైన పద్ధతులన్నీ వాడవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్ చెప్పింది. ఇప్పటి కొత్త చట్టంలో అది 43వది. కానీ ఉరిశిక్షో యావజ్జీవమో పడేటంత నేరం మోపబడనివాడి ప్రాణం తియ్యటానికి ఆ సెక్షన్ హక్కునివ్వదు. జేబుదొంగ పరుగెత్తుతుంటే వెనకనుంచి కాల్చకూడదన్నమాట. అమెరికాలో ఈ సంగతి తేలటానికి ఒక పిల్లవాడి ప్రాణం పోవలసి వచ్చింది. 1974లో మెంఫిస్ నగరంలో ఒక ఇంట్లో దొంగతనం చేసి కంచె ఎక్కుతున్న పదిహేనేళ్ల కుర్రవాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. వాడి దగ్గర దొరికినవి ఒక పర్సు, పది డాలర్లు. ఆయుధం లేదు. ఎవరికీ ప్రమాదం లేనప్పుడు, పారిపోతున్నాడన్న ఒక్క కారణానికి చంపటం రాజ్యాంగ విరుద్ధమని వాళ్ల సుప్రీం కోర్టు 1985లో తీర్పు చెప్పింది.

పోలీసుల వైపు మాటా చెప్పాలి. గ్రేహౌండ్స్ దళాన్ని తీర్చిదిద్దిన వ్యాస్ గారిని 1993లో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలోనే కాల్చి చంపారు. 1999లో ఉమేశ్‌చంద్ర గారిని నడివీధిలో చంపారు. డ్యూటీకి వెళ్లిన భర్త ఇంటికి వచ్చేదాకా గుమ్మంలో నిలబడే కానిస్టేబుల్ భార్యలు మనలోనూ ఉన్నారు. ఎదుటివాడు తుపాకీ ఎత్తినప్పుడు ఆలోచించుకోవటానికి పోలీసుకు క్షణమే ఉంటుంది. ఆ క్షణంలో అతను చేసినదాన్ని మనం కుర్చీలో కూర్చుని తీరిగ్గా తప్పు పట్టటం న్యాయం కాదు. ఎటొచ్చీ ఆ క్షణం నిజంగా వచ్చిందా అన్నది ఎవరు తేల్చాలి? కాల్చినవాళ్లే తేల్చేస్తే ఎలా?

2015 ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళుతున్న అయిదుగురు ఖైదీలు పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. పత్రికల్లో వచ్చిన ఫోటోల్లో శవాల చేతులకు బేడీలున్నాయి.

చటాన్‌పల్లిలోనూ తుపాకులు లాక్కున్నారనే చెప్పారు. సుప్రీం కోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022లో బయటికొచ్చిన నివేదిక ఆ కథను నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారన్నది, పదిమంది పోలీసుల మీద హత్యకేసు విచారణ జరగాలన్నది, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా అన్నది. ఆ నివేదిక తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. మైనర్లన్న మాట చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అంతకన్నా నన్ను బాధపెట్టే సంగతి ఇంకోటుంది. ఆ అమ్మాయి కనిపించలేదని ఆ రాత్రి ఇంటివాళ్లు పోలీసుల దగ్గరకు పోతే, ఇది మా స్టేషన్ పరిధి కాదని తిప్పారు. కేసు రాయటంలో ఆలస్యం చేశారని తరవాత ముగ్గుర్ని సస్పెండు చేశారు. డిసెంబరు 6 తరవాత ఆ రాత్రి గురించి గట్టిగా అడిగినవాళ్లు ఎంతమంది? పూలు చల్లాక ప్రశ్నలెవరు వేస్తారు? కేసు కోర్టులో నడిచి ఉంటే ఎవరేం చేశారో, ఎవరేం చెయ్యకుండా ఊరుకున్నారో సాక్ష్యాలతో రికార్డయ్యేది. ఇప్పుడు ఆ అవకాశం లేదు.

ఇలాంటి చావులకు నియమాలు రావటంలో మన రాష్ట్రానిదే మొదటి పాత్ర. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదు మీద 1996లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఉత్తర్వు ఇచ్చి, మరుసటి ఏడు దాన్ని అన్ని రాష్ట్రాలకూ పంపింది. ఆ తరవాత 2014లో, బొంబాయి ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీం కోర్టు పదహారు సూత్రాలు చెప్పింది. పోలీసు కాల్పుల్లో మనిషి పోతే ఎఫ్.ఐ.ఆర్. రాయాలి. దర్యాప్తు సి.ఐ.డి.గాని, వేరే స్టేషన్ వాళ్లుగాని చెయ్యాలి. మేజిస్ట్రేటు విచారణ జరగాలి. కాల్చినవాళ్లు ఆయుధాలు పరీక్షకు అప్పగించాలి. గాయపడ్డవాడికి వైద్యం చేయించాలి. సంఘటన జరగ్గానే బహుమతులు, ప్రమోషన్లు ఇవ్వకూడదు.

చనిపోయినవాడి ఇంటివాళ్లకు వెంటనే కబురు చెయ్యాలని కూడా ఉంది. ఈ నియమాలు పాటించలేదని వాళ్లకు అనిపిస్తే ఆ ప్రాంతపు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. ఆ కాగితం ఆయన పరిశీలించి తీరాలి. ఇది ఆ నలుగురి తల్లులకూ వర్తిస్తుందా అని మా అమ్మాయిని అడిగాను. వర్తిస్తుందమ్మా అంది.