సన్నటి ఒంట్లో దాగిన కొవ్వు: ఆకలికీ గుండెపోటుకూ ఉన్న చుట్టరికం

గుండెపోటు కూర్చుని తినేవాళ్ల జబ్బు అనే నమ్మకం మనలో బలంగా ఉంది. పొద్దంతా కూలికి పోయేవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు అది రాదనుకుంటాం. అందుకే ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటాం. కానీ 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా ప్రజలకు మొదటి గుండెపోటు 53 ఏళ్ల ప్రాంతంలోనే వస్తోంది. మిగతా దేశాల్లో అది దాదాపు 59 ఏళ్లకు. దీనికి పొగాకు, బీపీ, షుగరు లాంటి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో అంతగా మాట్లాడుకోనిది మన ఒంట్లోని కొవ్వు చేసే పని.

కొవ్వు ఊరికే ఉండదు

మిగిలిన తిండిని దాచే గోదాము కొవ్వు అని డాక్టర్లు చాలాకాలం అనుకున్నారు. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనుగొన్నాక ఆ అభిప్రాయం మారింది. కొవ్వు కణాలు వదిలే ఈ హార్మోన్, ఒంట్లో నిల్వలు ఎంత ఉన్నాయో మెదడుకు కబురు చేరవేస్తుంది. మరుసటి ఏడాదే అడిపోనెక్టిన్ బయటపడింది. ఇది ఇన్సులిన్ సరిగా పనిచేయడానికి తోడ్పడుతుంది. కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది, అడిపోనెక్టిన్ మాత్రం తగ్గుతుంది.

కొవ్వు ఎక్కడ చేరిందన్నది ముఖ్యం. తొడల దగ్గర చర్మం కింద ఉండే కొవ్వు అంత హాని చేయదు. పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరిందే ప్రమాదం. అది వాపును పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ మాట కండరాలు, కాలేయం వినకుండా పోతాయి. షుగరు, చెడు కొవ్వులు, బీపీ పెరుగుతాయి. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల గోడల్లో కొవ్వు పేరుకుని, ఒకరోజు ఆ పేరుకున్నది పగిలి రక్తం గడ్డకడుతుంది. అదే గుండెపోటు.

ఒక జాగ్రత్త అవసరం. అడిపోనెక్టిన్ ఎక్కువున్న మగవాళ్లలో గుండెపోటు తక్కువని 2004లో ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. తర్వాత జన్యువుల ఆధారంగా చేసిన పరిశీలనల్లో మాత్రం, అడిపోనెక్టిన్ తగ్గడమే నేరుగా గుండెజబ్బు తెస్తుందని తేలలేదు. అంటే అది జబ్బుకు మూలం కన్నా హెచ్చరిక గుర్తు అయ్యే అవకాశమే ఎక్కువ. దాన్ని పెంచుతామని మందులూ పొడులూ అమ్మేవాళ్లను నమ్మాల్సిన పని లేదు.

కథ కడుపులోనే మొదలవుతుంది

పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పసికందులను పరిశీలించింది. అక్కడి బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. పుణె బిడ్డల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. చూడటానికి సన్నం, లోపల కొవ్వు. తల్లికి తిండి చాలనప్పుడు కడుపులోని బిడ్డ మెదడును కాపాడుకుని కండను వదులుకుంటుందని పరిశోధకుల వివరణ. అలా పుట్టినవాళ్లు పెద్దయ్యాక తెల్లన్నం, పంచదార టీ, నూనె సరుకులతోనే కడుపు నింపుకుంటే ఆ భారమంతా పొట్టలోకే చేరుతుంది.

ఇక్కడే కులం ప్రశ్న వస్తుంది. దళిత, ఆదివాసీ పిల్లల్లో ఎదుగుదల లోపం మిగతా కులాల పిల్లల కన్నా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. భూమి లేని తల్లి పస్తు, ముప్పై నలభై ఏళ్ల తర్వాత బిడ్డ గుండె మీద పడవచ్చు.

దీన్ని మార్చవచ్చని మన దగ్గరే ఆధారం ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. మిగతా 14 పల్లెల్లో అందలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లకు వచ్చాక 1,165 మందిని పరీక్షించారు. తిండి అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసుతనమూ కొంత తక్కువే.

చేయాల్సింది

బరువు చూసి మోసపోవద్దు. టేపుతో నడుము కొలవండి. మనలాంటివాళ్లకు మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరిక. బీపీ, షుగరు పరీక్ష చేయించుకోండి. బీడీ, సిగరెట్, గుట్కా మానండి. ఛాతీనొప్పి ఎడమచేతికో దవడకో పాకితే, చెమటలు పడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అయితే పప్పు, గుడ్డు కొనలేని ఇంటికి 'మంచి తిండి తినండి' అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి భోజనం, అంగన్‌వాడీ గుడ్డు, పాలు దయాదాక్షిణ్యాలు కావు. అవి గుండెజబ్బుకు ముందస్తు వైద్యం. మీ ఊళ్లో అవి రోజూ అందుతున్నాయా, మన వాడ తల్లులకు, బిడ్డలకు సమానంగా వడ్డిస్తున్నారా? అడగాల్సింది మనమే.