టెర్మినల్ కీబోర్డు స్విచ్చులు

టెర్మినల్ కీబోర్డు స్విచ్చులు అనగా 1970, 1980 దశకాలలో పెద్ద కంప్యూటర్లకు తీగలతో కలుపబడిన టెర్మినళ్ల కీబోర్డులలో ఒక్కొక్క మీట క్రింద అమర్చబడిన విద్యుత్ స్విచ్చులు. టెర్మినల్‌కు స్వయముగా లెక్కలు చేయు శక్తి లేదు. నొక్కిన అక్షరమును కేంద్ర కంప్యూటర్‌కు పంపుట, అది పంపిన సమాధానమును తెరపై చూపుట మాత్రమే దాని పని. ఓడరేవు, ఉక్కు కర్మాగారము, రైల్వే, విశ్వవిద్యాలయము ఒకే చోట ఉన్న విశాఖపట్నం వంటి నగరములో ఇట్టి పాత సామగ్రి కార్యాలయ గిడ్డంగులనుండి తుక్కుగా బయటికి వస్తుంది. అందులోని కీబోర్డు బాగుచేయదగినదా, కరిగించుటకు పోవలసినదా అన్నది దాని స్విచ్చి రకమును బట్టి చాలవరకు తేలుతుంది. కావున స్విచ్చిని గుర్తించుట మొదటి మెట్టు.

నేపథ్యము

1978లో ఐ.బి.ఎం. సంస్థ భారతదేశమునుండి వైదొలగిన తరువాత ఆ యంత్రముల నిర్వహణ ప్రభుత్వ రంగములోని సి.ఎం.సి. చేతికి వచ్చినది. హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఇ.సి.ఐ.ఎల్. అప్పటికే టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను తయారుచేస్తున్నది. రైల్వే రిజర్వేషను పద్ధతి మొదట ఢిల్లీలో 1980 దశకపు మధ్యలో కంప్యూటరీకరించబడినది. క్రిస్ సంస్థ రూపొందించిన కాన్సర్ట్ అను పద్ధతి 1994లో సికింద్రాబాదులో మొదలైనది. టిక్కెట్టు కిటికీ వెనుక పచ్చని అక్షరముల తెర, దాని ముందు బరువైన కీబోర్డు ఆ తరము వారికి బాగా గుర్తు.

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైనది. ఉక్కు కర్మాగారములో గోదావరి అను పేరుగల మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో మొదలై, కర్మాగారము 1992లో జాతికి అంకితము చేయబడినది. అనగా ఈ కర్మాగారము టెర్మినళ్ల యుగము ముగిసి వ్యక్తిగత కంప్యూటర్లు వ్యాపిస్తున్న సంధికాలమునకు చెందినది. అందువలన ఆ కాలపు కీబోర్డులలో రెండు తరముల స్విచ్చులు కలగలసి కనబడుట సహజము.

ముఖ్యమైన రకములు

చెర్రీ ఎం.ఎక్స్. స్విచ్చి: చెర్రీ సంస్థ 1953లో అమెరికాలో స్థాపించబడి తరువాత జర్మనీకి మారినది. 1980 దశకపు మొదటి భాగములో వెలువడిన ఎం.ఎక్స్. స్విచ్చులో కీక్యాప్ ఊడదీయగానే కూడిక గుర్తు ఆకారములో కాడ కనబడుతుంది. మీట మొత్తము 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సుమారు 2 మిల్లీమీటర్ల వద్దనే అక్షరము పడుతుంది. కాడ నల్లగా ఉన్నచో నొక్కుడు మొదటినుండి చివరివరకు సమముగా, కొంచెము గట్టిగా ఉంటుంది. నీలముగా ఉన్నచో మధ్యలో చిన్న అడ్డు తగిలి టిక్కుమని చప్పుడు వస్తుంది. వైస్ సంస్థ టెర్మినళ్ల కీబోర్డులలో నల్ల కాడ రకము విరివిగా ఉన్నది. మన దేశములో నీలపు రకమును ఇంటింటికీ తెచ్చినది మాత్రము టెర్మినల్ కాదు, చెన్నైకి చెందిన టి.వి.ఎస్. ఎలక్ట్రానిక్స్ వారి గోల్డ్ కీబోర్డు. బ్యాంకులలోను, టిక్కెట్టు కౌంటర్లలోను వినబడిన ఆ టకటక ధ్వని దానిదే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పరీక్షలకు చేయి తిరిగినవారికి అట్టి గట్టి మీటలే నచ్చుటలో వింత లేదు.

వంగే స్ప్రింగు: ఐ.బి.ఎం. వారి ప్రసిద్ధ రకము. మీట నొక్కినపుడు లోపలి సన్నని స్ప్రింగు ఒక్కసారిగా ప్రక్కకు వంగి, అడుగునున్న చిన్న పలకను తట్టుతుంది. లోహపు ఖణేలుమను ధ్వని దీని ఆనవాలు. 1980 దశకపు మొదటి భాగములో వచ్చిన మోడల్ ఎఫ్ కీబోర్డులలో ఆ పలక విద్యుత్ ధారకత్వమును మార్చుతుంది. 1985 నుండి వచ్చిన మోడల్ ఎం లో అదే పలక ప్లాస్టిక్ పొరలను ఒత్తుతుంది. పైకి రెండూ ఒకే తీరుగా తోచును. అంతకు ముందరి 3270 శ్రేణి టెర్మినళ్లలో బీమ్ స్ప్రింగు అను వేరొక యంత్రాంగము ఉన్నది. దాని చప్పుడు మరింత లోతుగా ఉంటుంది.

నురుగు-రేకు స్విచ్చి: కీ ట్రానిక్ సంస్థ అనేక టెర్మినల్ కంపెనీలకు సరఫరా చేసిన రకము. కాడ చివర మెత్తని నురుగు ముక్క, దాని క్రింద పలుచని లోహపు రేకు ఉంటాయి. దశాబ్దములు గడచినచో నురుగు పొడియై రాలిపోతుంది. మీటలన్నీ దిగుతూ ఒక్క అక్షరమైనా పడకున్నచో మొదట అనుమానించవలసినది దీనినే. యంత్రము పాడైనదని పారవేయుట ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. నిజానికి కొత్త నురుగు ముక్కలు అతికించినచో చాలవరకు కీబోర్డు మరల పనిచేయును.

అయస్కాంత రకములు: రీడ్ స్విచ్చులో చిన్న గాజు గొట్టములో రెండు లోహపు పత్రములు ఉంటాయి. మీటతో పాటు దిగే అయస్కాంతము వాటిని కలుపుతుంది. హనీవెల్ వారి మైక్రో స్విచ్ విభాగము 1960 దశకపు చివరలో తెచ్చిన హాల్ ప్రభావ స్విచ్చులో కలిసే లోహములే ఉండవు. అయస్కాంతము దగ్గరకు వచ్చుటను ఒక చిన్న చిప్పు పసిగడుతుంది. అరుగుదల లేనందున దీనిది దీర్ఘాయువు.

ఆల్ప్స్ అను జపాను సంస్థ స్విచ్చులలో కాడపై దీర్ఘచతురస్రపు గాడి ఉంటుంది. డిజిటల్ సంస్థ 1983లో విడుదలచేసిన వి.టి.220 టెర్మినల్ కీబోర్డు ఎల్.కె.201 లో మీటలన్నిటి క్రింద ఉన్నది మెంబ్రేన్ పొర. మీటకొక విడి స్విచ్చి అందులో దొరకదు.

గుర్తించు విధానము

కీబోర్డును టెర్మినల్‌నుండి విడదీసి, వెనుక ఉన్న చీటీపై మోడల్ సంఖ్య, తేదీ చూడవలెను. అయితే చీటీ ఒక్కటే చాలదు. మరమ్మతులలో లోపలి భాగములు మారి ఉండవచ్చును. పిదప అంచున ఉన్న మీట ఒకదాని కీక్యాప్‌ను రెండు ప్రక్కలా సన్నని తీగ కొక్కెములు వేసి నిలువుగా లాగవలెను. స్క్రూడ్రైవరుతో ఒక ప్రక్కనుండి ఎత్తినచో కాడ విరుగును. నలభై ఏండ్ల నాటి ప్లాస్టిక్‌కు ఓర్పు తక్కువ.

కాడ ఆకారము చూచిన తరువాత స్విచ్చి పైభాగమున తయారీదారు ముద్ర వెదకవలెను. కూడిక గుర్తు కాడ ఉన్నంత మాత్రమున అది చెర్రీదే అని చెప్పరాదు. పేటెంటు గడువు తీరిన పిమ్మట అనేక కంపెనీలు అదే ఆకారమును అనుకరించినవి. రంగును మాత్రమే నమ్ముట అంతకన్న ప్రమాదము. ఎండకు, కాలమునకు ప్లాస్టిక్ పసుపుబారుతుంది.

మల్టీమీటరును కంటిన్యుటీలో ఉంచి, స్విచ్చి రెండు కాళ్లకు తగిలించి మీట నొక్కినపుడు శబ్దము వచ్చినచో అది లోహములు కలిసే రకము. నొక్కకుండ బయటినుండి చిన్న అయస్కాంతము దగ్గరకు తెచ్చినపుడే శబ్దము వచ్చినచో అది రీడ్ స్విచ్చి. కాళ్లు రెండుకంటె ఎక్కువ ఉండి, మల్టీమీటరు పలకకున్నచో హాల్ రకము కావచ్చును. కాళ్లే లేక, పలకపై జంట రాగి గుండ్రములు మాత్రమే ఉన్నచో నురుగు-రేకు రకము. గొట్టము మధ్యలో సన్నని స్ప్రింగు ఒంటరిగా నిలిచి కనబడినచో మీటరు అవసరము లేదు, అది ఐ.బి.ఎం. వంగే స్ప్రింగే.

కీక్యాప్‌లపై తెలుగు అక్షరములు ఉన్నంత మాత్రమున స్విచ్చి రకము తెలియదు. 1980 దశకములో ఇన్‌స్క్రిప్ట్ అమరిక ప్రమాణముగా ఏర్పడిన తరువాత భారతీయ భాషల కోసము జిస్ట్ టెర్మినళ్లు వచ్చినవి. మరికొన్ని చోట్ల మామూలు కీబోర్డుపై అక్షరముల చీటీలు అతికించి వాడుకొన్నారు.

టెర్మినల్ తెర పెట్టెను మాత్రము తెరువరాదు. విద్యుత్తు ఆపిన తరువాత కూడ పిక్చర్ ట్యూబులో అధిక వోల్టేజి నిలిచి ఉండవచ్చును.

సముద్ర తీర ప్రభావము

ఉప్పు గాలి, తేమ కలిగిన విశాఖపట్నం వంటి చోట ఈ రకములన్నీ ఒకే తీరుగా నిలువవు. చెర్రీ స్విచ్చిలో కలిసే బిందువులకు బంగారపు పూత ఉన్నందున అవి తుప్పు పట్టవు. కాని ఇనుప పలకలు, స్ప్రింగులు పట్టును. మెంబ్రేన్ పొరలలో తేమ చేరినచో లోపలి వెండి గీతలు తెగిపోయి ఒక వరుస మీటలు మొత్తము మూగబోతాయి. 1970 దశకమునుండి వెలుపలి హార్బరులో ఇనుప ఖనిజము ఎగుమతి అగుచున్నందున ఆ ధూళి నగరములో ఎప్పటినుండో ఒక సమస్య. అట్టి ధూళిలో లోహములు కలియని హాల్ రకము మేలు. నీటితో కడుగుట ఏ రకమునకైనను మంచిది కాదు. మెత్తని కుంచెతో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడువవలెను.

తుక్కు, పునర్వినియోగము

ప్రభుత్వ రంగ సంస్థలు వాడుక ముగిసిన సామగ్రిని ఎం.ఎస్.టి.సి. ద్వారా వేలము వేయుట వాడుక. ఎలక్ట్రానిక్ వ్యర్థములపై 2011లో మొదటి నిబంధనలు, 2016లో, 2022లో వాటి స్థానే కొత్తవి వచ్చినవి. వీటి ప్రకారము అట్టి తుక్కు నమోదైన రీసైక్లర్లకే చేరవలెను. టంకములో సీసము ఉన్నందున, తీగలను బహిరంగముగా కాల్చుట హానికరమైనందున ఇది అవసరమే. అయితే లాటులో బరువు మాత్రమే లెక్కకు వచ్చుటచే, బాగుచేయదగిన కీబోర్డు కూడ కిలోల లెక్కన ముక్కలైపోతున్నది. వేలమునకు ముందే గిడ్డంగిలో ఒక్క కీక్యాప్ తీసి చూచుటకు రెండు నిమిషములు పట్టదు.

గుర్తించి బాగుచేసిన కీబోర్డు నేటి కంప్యూటర్‌కు నేరుగా తగలదు. 1978 నాటి వి.టి.100 కీబోర్డుకు సంగీత పరికరములకు వాడునట్టి లావుపాటి జాక్ ఉన్నది. ఎల్.కె.201 కు టెలిఫోను రిసీవరు తీగ చివర ఉండునట్టి చిన్న జాక్, సెకనుకు 4800 బిట్ల వేగము. ఐ.బి.ఎం. టెర్మినళ్లకు చెందిన 122 మీటల కీబోర్డులు వేరే సంకేతములు పంపుతాయి. వీటిని యు.ఎస్.బి. సంకేతములుగా మార్చుటకు చిన్న మైక్రోకంట్రోలరు పలకలు వాడుతారు. ఏ కీబోర్డుకు ఏ ప్రోగ్రాము ఎక్కించవలెనో స్విచ్చి రకమును బట్టి కాక, మోడల్ సంఖ్యను బట్టి నిర్ణయించవలెను. కావున వెనుక చీటీని చింపక భద్రపరచుట అవసరము.