ఆదోని కొండలకు తగిన వానకోటు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నైరుతి రుతుపవనాల వర్షచ్ఛాయలో ఉండటం వల్ల ఇక్కడ కురిసే వాన తక్కువ. ఆ తక్కువ వాన కూడా చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపు విడివిడి జల్లులుగానో, ఉరుములతో కూడిన గాలివానలుగానో పడుతుంది. ఉరుకుంద ఈరన్నస్వామి శ్రావణమాస ఉత్సవాలకూ, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకూ కాలినడకన వెళ్లే భక్తులు, ఆదోని కోటగుట్టలనూ రణమండల కొండనూ ఎక్కే యువకులు ఆరుబయట గంటల తరబడి గడిపేది ఈ నెలల్లోనే. వారు తేలికైన వానకోటు కొనేటప్పుడు బయటి నీటిని ఆపే శక్తితో పాటు లోపలి చెమటను వదిలే గుణాన్ని కూడా చూడవలసి ఉంటుంది. ఉక్కపోత మిక్కుటమైన ఈ సీమలో ఈ రెండో గుణానికే ప్రాధాన్యం ఎక్కువ.

ఈ సంగతి ఇక్కడి గొర్రెల కాపరులకు కొత్తది కాదు. దక్కని గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన నల్ల కంబళిని తలమీదుగా కప్పుకుని వారు తరతరాలుగా వానలో మందలు కాస్తున్నారు. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు వరకు నీటి ఆవిరిని తడి తెలియకుండా పీల్చుకోగలదు కనుక చిన్న జల్లులో కంబళి కింద ఒళ్లు తడవదు, ఉక్క కూడా పోయదు. అయితే పెద్దవానలో అది నాని మోయలేనంత బరువెక్కుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది. పొలం పనుల్లో యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి తలకు తొడుక్కునే కూలీల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది: ప్లాస్టిక్ సంచి చుక్క నీటిని లోపలికి రానివ్వదు, ముందువైపు తెరిచి ఉండటం వల్ల గాలి కూడా ఆడుతుంది.

కోటు రూపంలో కుట్టిన వస్త్రానికి ఈ రెండు గుణాలనూ కలపడం చాలాకాలం సాధ్యపడలేదు. 1823లో చార్లెస్ మాకింతోష్ కరిగించిన రబ్బరును రెండు గుడ్డల మధ్య పరిచి పేటెంటు పొందిన వస్త్రం వాననూ ఆపింది, చెమటనూ ఆపింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మాంచెస్టర్‌లోని షిర్లీ సంస్థ పరిశోధకులు పొడవైన పింజ గల పత్తిని అతి దట్టంగా నేయించి వెంటైల్ అనే గుడ్డను రూపొందించారు. తడి తగలగానే దాని పోగులు ఉబ్బి సందులను మూసివేస్తాయి. పత్తి మార్కెట్టుకు పేరుపడిన ఆదోనికీ, 1938లో మాచాని సోమప్ప నేత కార్మికుల సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరుకూ ఇది ఆసక్తి కలిగించే విషయమే. కానీ మామూలు మగ్గం గుడ్డ గాలి ఆడేందుకు వీలుగా పలుచగా నేసినది కాబట్టి వానలో నీరు పీల్చి ఒంటికి అంటుకుంటుంది.

1969లో రాబర్ట్ గోర్ టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్‌ను వేగంగా సాగదీసి, కంటికి కనిపించని రంధ్రాలు గల పలుచని పొరను తయారుచేయగలిగాడు. మెంబ్రేన్ అనే ఈ పొర రంధ్రాలు నీటిబొట్టు కన్నా ఎంతో చిన్నవి, నీటి ఆవిరి అణువు కన్నా ఎంతో పెద్దవి కావడంతో వాన లోపలికి రాదు, ఆవిరి బయటికి పోతుంది. ఇటువంటి పొరనో, దానికన్నా చవకైన పాలీయురిథేన్ పూతనో నైలాన్ గుడ్డకు లోపలివైపు అతికించి నేటి కోట్లను తయారుచేస్తున్నారు. పొరకు అడుగున మరో గుడ్డను అతికిస్తే మూడు పొరల కోటు అవుతుంది. అది గట్టిది, ఖరీదైనది. గుడ్డకు బదులు పలుచని రక్షణపూత మాత్రమే వేస్తే రెండున్నర పొరల కోటు అవుతుంది. తేలికైన కోట్లలో చాలావరకు ఈ తరగతివే.

కోటు చీటీ మీద ముద్రించే అంకెల్లో మొదటిది నీటి ఒత్తిడికి సంబంధించినది. 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే, ఆ గుడ్డ మీద పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం మోపే ఒత్తిడి వరకు తడి లోపలికి దిగదని అర్థం. జల్లులకు 5,000 చాలు. భుజాల మీద సంచి పట్టీలు ఒత్తుతున్నప్పుడు 10,000 ఉంటే మేలు. రెండో అంకె ఒక చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరిని వదులుతుందో చెబుతుంది. 10,000 అంటే గంటకు సుమారు 417 గ్రాములు. ఉక్కలో కొండెక్కే మనిషికి గంటకు అర లీటరు పైనే చెమట పట్టవచ్చు. పైగా ఆ అంకె ప్రయోగశాలలోని అనుకూల పరిస్థితుల్లో వచ్చినది. ఆవిరి బయటికి పోవాలంటే కోటు లోపలి గాలిలో తేమ బయటి గాలిలోకన్నా బాగా ఎక్కువగా ఉండాలి. చలిదేశాల్లో ఆ తేడా పెద్దదిగా ఉంటుంది, వానవేళ వెచ్చగా తేమగా ఉండే ఆదోని గాలిలో అది కుంచించుకుపోతుంది. అందువల్ల హిమాలయాల్లో చక్కగా పనిచేసే ఖరీదైన పొర ఇక్కడ ఆ ధరకు తగిన ఫలితం ఇవ్వదు. చంకల కింద జిప్పులు, వీపు మీద గాలి సందు, వదులైన కొలత అంతకన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

కొనేటప్పుడు కోటును తిరగేసి కుట్ల వెంబడి టేపు అతికించారా లేదా చూడాలి, ఎందుకంటే టేపు లేని కోటులో నీరు సూది రంధ్రాల గుండా దిగుతుంది. టోపీకి ముందు అంచు, బిగించుకునే తాడు ఉండాలి. కోటు నడుము కిందికి దిగాలి. 200 నుంచి 350 గ్రాముల బరువుండి, మడిస్తే సంచి మూలలో ఇమడాలి. గుడ్డ మరీ పలుచనైతే కోటగుట్టల గరుకు రాళ్లకూ తుమ్మముళ్లకూ చిరుగుతుంది.

కోటు పైభాగాన నీరు బొట్లుగా జారిపోవడానికి వేసే పూత కాలక్రమంలో అరిగిపోతుంది. అప్పుడు పైగుడ్డ నీరు పీల్చి ఆవిరి దారిని మూసివేస్తుంది. చీటీలో చెప్పిన ప్రకారం ఉతికి, అనుమతి ఉంటే తక్కువ వేడి తగిలిస్తే పూత కొంత తిరిగి పనిచేస్తుంది. గుడ్డను మెత్తబరిచే ద్రవాలు మాత్రం వాడకూడదు. పాలీయురిథేన్ పూత వేడికీ తేమకూ త్వరగా పొట్టులా లేస్తుంది కాబట్టి కోటును తడిగా మడిచి ఉంచడం, ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదిలేయడం దాని ఆయువును తగ్గిస్తాయి.

చదునైన దారిలో మూటతో నడిచే భక్తులకు కోటుకన్నా మనిషినీ సంచినీ కలిపి కప్పి, కింద తెరిచి ఉండే పాంచో సుఖం, చవక. గుట్టలు ఎక్కేవారికి కుట్లకు టేపు, చంకల్లో జిప్పులు ఉన్న మధ్యరకం ధర కోటు సరిపోతుంది. ఉరుములు వినిపిస్తే మాత్రం ఏ కోటునూ నమ్ముకోకుండా గుట్ట దిగి పక్కా కట్టడంలోకి చేరాలి. పిడుగును ఆపే కోటు ఏదీ లేదు.