ఇనప్పెట్టె తలుపు కొనిపెట్టే నిమిషాలు

రాత్రి తొమ్మిది దాటాక మన హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ దిగి పంజాగుట్ట వైపు నడిస్తే నగల దుకాణాలు కట్టేసే వేళ కనిపిస్తుంది. అద్దాల వెనక బొమ్మల మెడల నుంచి హారాలు దిగుతాయి. గాజుల ట్రేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు, లెక్క చూసుకుంటారు, లోపలి గదిలోకి మోసుకెళ్తారు. పగలంతా కొనేవాళ్ల కంటపడని ఓ యంత్రానికి అప్పుడు పని మొదలవుతుంది. అదే స్ట్రాంగ్ రూమ్ తలుపు. కదిలే భాగాలు తక్కువ, చప్పుడు అసలే ఉండదు. అయినా అది యంత్రమే. దొంగ చేతిలోని ప్రతి కొత్త పనిముట్టుకూ ఒక్కో జవాబు వెతుక్కుంటూ రెండు వందల ఏళ్లుగా మారుతూ వచ్చిన యంత్రం.

ఈ తలుపు గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. పగలని తలుపు లేదు. చేసేవాళ్లు కూడా పగలదని మాట ఇవ్వరు, ఇన్ని నిమిషాలు ఆగుతుందని మాత్రమే ఇస్తారు. అమెరికాలో అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అనే సంస్థ ఇనప్పెట్టెలకు ఇచ్చే గ్రేడ్ల పేర్లలోనే ఆ నిమిషాలుంటాయి. టీఎల్-15 అంటే పనిముట్లతో దాడి చేస్తే తలుపు పదిహేను నిమిషాలు తట్టుకుందని. టీఎల్-30 అంటే ముప్పై. ముందు టీఆర్ చేరి టీఆర్‌టీఎల్ అయితే గ్యాస్ మంటను కూడా ఓర్చుకుందని అర్థం.

ఆ పరీక్ష చేసే తీరు నాకు చాలా నచ్చుతుంది. పెట్టె పగలగొట్టేవాళ్ల చేతికి దాని నక్షాలు ముందే ఇస్తారు. ఏ పొర ఎక్కడుందో, తాళం ఏ మూల దాగుందో వాళ్లకు తెలుసు. పక్కన ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతారు. పనిముట్టు పెట్టెకు తగిలినంతసేపే గడియారం నడుస్తుంది. డ్రిల్ బిట్టు మార్చుకోవడానికి వెనక్కి తగ్గినా, చెమట తుడుచుకున్నా ఆగిపోతుంది. కాబట్టి పదిహేను నిమిషాల గ్రేడు వచ్చిన తలుపు దగ్గర అసలు దొంగ గంట పైనే తంటాలు పడాల్సి రావచ్చు. నక్షా అతని దగ్గర ఉండదు, చీకట్లో పనిచేయాలి, చప్పుడు కాకూడదు. పరీక్షలో తలుపు ఓడినట్టు లెక్క ఎప్పుడంటే, అది తెరుచుకున్నప్పుడు గానీ, ఆరు చదరపు అంగుళాల రంధ్రం పడినప్పుడు గానీ. చేయి పెట్టి లాగడానికి ఆ మాత్రం సందు చాలు.

ఈ నిమిషాలు దేనికి? అలారం మోగాక కాపలావాడో పోలీసులో వచ్చి చేరడానికి. తలుపు ఆగే సమయం, సాయం అందే సమయం కన్నా ఎక్కువ ఉండాలి. ఇనప్పెట్టె ఇంజినీరింగ్ అంతా ఈ ఒక్క లెక్క మీద నిలబడుతుంది. సైరన్ విని పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చే నడిబజారులో మామూలు గ్రేడు తలుపు సరిపోతుంది. ఊరి చివర, రాత్రి కాపలా లేని శాఖలో అదే తలుపు తెల్లారేదాకా ఒంటరిగా పోరాడాలి.

కథ మొదలైంది తాళంతో. 1817లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ నౌకాశ్రయంలో దొంగతనం జరిగాక, దొంగతాళానికి లొంగని తాళం కావాలని అక్కడి ప్రభుత్వం పోటీ పెట్టింది. మరుసటి ఏడాది జెరెమయా చబ్ ఒక తాళం చేశాడు. అందులోని మీటల్లో ఏ ఒక్కదాన్ని కావలసిన దానికన్నా పైకి ఎత్తినా తాళం బిగుసుకుపోతుంది. అసలు యజమాని తాళంచెవి పెట్టగానే ఎవరో కెలికారన్న సంగతి బయటపడుతుంది. తాళాల పని తెలిసిన ఓ ఖైదీకి దాన్ని ఇచ్చి, తెరిస్తే క్షమాభిక్ష, పైగా వంద పౌండ్లు అన్నారు. నెలల తరబడి ప్రయత్నించి అతను చేతులెత్తేశాడు. ఆ కీర్తి ముప్పై మూడేళ్లు నిలిచింది. 1851 లండన్ మహా ప్రదర్శనకు అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ దాన్ని అరగంట లోపే తెరిచేశాడు. బ్రామా కంపెనీ దశాబ్దాలుగా సవాలు విసురుతూ అద్దాల కిటికీలో పెట్టిన తాళాన్ని పదహారు రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు కూర్చుని గెలిచాడు. తాళాలు చేసేవాళ్లకు అది అవమానమే, కానీ ఆ రంగానికి అంతకు మించిన మేలు ఎవరూ చేయలేదని నా అభిప్రాయం. బలహీనతను బయటపెట్టినవాడి వల్లే తర్వాతి తాళం మెరుగైంది.

దొంగలకు మాత్రం హాబ్స్‌కున్న ఓపిక లేదు. తాళంచెవి రంధ్రంలో తుపాకి మందు కూరి పేల్చేవారు. దానికి జవాబుగా రంధ్రమే లేని తాళం వచ్చింది: అంకెల చక్రం తిప్పి తెరిచే కాంబినేషన్ తాళం. అప్పుడు దొంగలు పెట్టెను వదిలి, అంకెలు తెలిసిన మనిషి మీద పడ్డారు. 1876లో అమెరికాలోని నార్తాంప్టన్ పట్టణంలో బ్యాంకు క్యాషియర్‌ను అతని ఇంట్లోనే నిర్బంధించి, చిత్రహింస పెట్టి అంకెలు రాబట్టారు. ఇటువంటి దోపిడీలకు విరుగుడు అప్పటికే తయారై ఉంది. 1873లో జేమ్స్ సార్జెంట్ చేసిన టైమ్ లాక్‌లో తలుపు లోపలి వైపు గడియారాలుంటాయి. సాయంత్రం తాళం వేసేటప్పుడు ఎన్ని గంటలు మూసి ఉండాలో తిప్పిపెడతారు. ఆ గంటలు గడిచేదాకా మేనేజరు ప్రాణం మీదికొచ్చినా తలుపు రాదు. నార్తాంప్టన్ తర్వాత బ్యాంకులు వీటి కోసం ఎగబడ్డాయి. ఆ గడియారం లోపలి సొమ్ముతో పాటు బయటి మనిషినీ కాపాడుతుంది, రహస్యం చెప్పినా ఉపయోగం లేనప్పుడు హింసించి ఏం లాభం? ఈ యంత్రం చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఆలోచన ఇదే.

ఇక లోహం సంగతి. మామూలు ఉక్కును డ్రిల్ కొరికేస్తుంది. 1882లో షెఫీల్డ్‌కు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఉక్కులో పన్నెండు శాతం దాకా మాంగనీసు కలిపి చూశాడు. వచ్చిన లోహం విచిత్రమైనది. కొట్టే కొద్దీ, రాపిడి పెట్టే కొద్దీ దాని పైపొర గట్టిపడుతుంది. డ్రిల్ మొన తిరుగుతున్న చోటే లోహం మరింత మొండికేస్తుంది, మొన మొద్దుబారి నీలం రంగుకు తిరుగుతుంది. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగుల్లో, కంకర మిషన్ల దవడల్లో ఈనాటికీ ఇదే ఉక్కు వాడతారు. దీన్ని ఇనప్పెట్టెలకు ఎక్కించాక డ్రిల్ దొంగలకు కష్టకాలం వచ్చింది. ఆ తర్వాత తాళానికి ఎదురుగా గట్టి పలక ఒకటి అమర్చడం, అందులో కార్బైడ్ ముక్కలో ఉక్కు గుండ్లో పొదగడం అలవాటైంది. గుండు తగలగానే డ్రిల్ మొన, నూనె ఒలికిన గచ్చు మీద కాలు జారినట్టు, పక్కకు జారి విరుగుతుంది.

డ్రిల్ తర్వాత మంట వచ్చింది. 1903 ప్రాంతంలో ఫ్రాన్సులో తయారైన ఆక్సీ-ఎసిటిలిన్ టార్చి మంట మూడు వేల డిగ్రీలు దాటుతుంది. గ్యాస్ కట్టర్ ఇనుమును కరిగిస్తుందని అనుకుంటాం. నిజానికి కాలుస్తుంది. ఇనుము ఎర్రగా కాగాక దాని మీదకు ఆక్సిజన్ ధారను వదిలితే ఇనుమే ఇంధనమై మండుతుంది, పుట్టిన ఆక్సైడు ఇనుము కన్నా తక్కువ వేడిలో కరిగి ధార వేగానికి ఎగిరిపోతుంది. అందుకే కోత అంత నున్నగా వస్తుంది. ఈ పద్ధతి ఎంత పనిచేస్తుందో మనకు రాయపర్తి చెప్పింది. 2024 నవంబరులో వరంగల్ జిల్లాలోని ఆ ఊరి స్టేట్ బ్యాంకు శాఖలోకి దొంగలు కిటికీ గ్రిల్ తొలగించి దిగారు, గ్యాస్ కట్టర్‌తో లాకర్లు కోసి సుమారు 19 కిలోల బంగారు నగలు ఎత్తుకెళ్లారు. ఆ నగలు జనం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నవి. వాటిలో పుస్తెలతాళ్లు ఎన్నో!

మంటకు జవాబు మంట స్వభావంలోనే ఉంది. ఇనుము మండుతుంది కాబట్టి తలుపు మధ్యలో మండని దాన్ని పెట్టాలి. రాగి ఆ ధారలో మండదు, పైగా ఉక్కు కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని పక్కలకు లాగేస్తుంది కాబట్టి ఒక్కచోట ఎర్రబడనివ్వదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పైన ఏర్పడే క్రోమియం ఆక్సైడు అంత తేలిగ్గా కరగదు, కోత అక్కడ ఆగిపోతుంది. ఈ రోజుల్లో ఎక్కువగా వాడేది ప్రత్యేకమైన కాంక్రీటు. కురువిందం లాంటి గట్టి రాయి పలుకులు, ఉక్కు తీగ ముక్కలు కలిపి పోస్తారు. కురువిందం రెండు వేల డిగ్రీలు దాటితే గానీ కరగదు, కాఠిన్యంలో వజ్రం తర్వాతి మెట్టు మీద ఉంటుంది. మంట దాన్ని కాల్చలేదు, డ్రిల్ కొరకలేదు, సుత్తితో కొడితే తీగ ముక్కలు పట్టి ఉంచుతాయి.

ఒక్క పదార్థమూ అన్నిటికీ చాలదు, గట్టిది పగులుతుంది, మెత్తనిది తెగుతుంది. రెండిటినీ పొరలుగా పేర్చాలి. ఈ సూత్రం మన ఊరికి కొత్తేమీ కాదు. కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల అర్జున్ ట్యాంకు కోసం ఉక్కు పలకల మధ్య సెరామిక్ పలకలు పొదిగిన కవచాన్ని రూపొందించి, ఆ పేట పేరు మీదే దానికి కంచన్ అని పేరు పెట్టింది. ఎదురయ్యేది ఫిరంగి గుండైనా డ్రిల్ మొనైనా, గట్టిదాన్నీ సాగేదాన్నీ పొరలుగా కలిపి ఆపడమే అక్కడా ఇక్కడా జరిగేది.

తలుపు వెనక పలక విప్పి చూస్తే ఇంకో రక్షణ కనిపిస్తుంది. చేతిపిడి తిప్పితే నాలుగు వైపులకూ వేళ్లంత లావు కడ్డీలు పొడుచుకొచ్చి చట్రంలోకి దిగుతాయి. తాళం చేసే పని ఒక్కటే, ఆ కడ్డీలు వెనక్కి రాకుండా అడ్డం పడడం. అందుకే దొంగ తాళాన్ని గుద్ది లోపలికి నెట్టేయాలని చూస్తాడు. దీనికోసం తాళం చుట్టూ ఓ గట్టి అద్దపు పలక అమర్చి, దానికి సన్నని తీగలు కట్టి, ఆ తీగల చివర స్ప్రింగు గడియలు బిగబట్టి ఉంచుతారు. డ్రిల్ మొన అద్దాన్ని తాకిందా, అద్దం కారు అద్దంలాగే పొడిపొడి అవుతుంది, తీగలు వదులవుతాయి, గడియలు తటాలున దిగి తలుపును శాశ్వతంగా బిగించేస్తాయి. అప్పటినుంచి సరైన అంకెలు తిప్పినా, అసలు తాళంచెవి పెట్టినా తెరుచుకోదు. కంపెనీ మనిషి వచ్చి రోజంతా కోయాల్సిందే. బయటికి కనిపించే బందుల గురించి చాలామంది దిగులుపడతారు, అవి కోసేస్తే తలుపు ఊడిపోదా అని. ఊడదు. బందుల వైపు కూడా చట్రంలోకి దిగిన కడ్డీలుంటాయి, బందులున్నది తలుపు తిరగడానికే.

తలుపు ఇంతగా రాటుదేలాక దొంగ గోడ వైపు తిరిగాడు. 2014 జనవరిలో పంజాగుట్టలోని ఓ పేరున్న నగల షోరూములో జరిగింది అదే. వెనక గోడకు కన్నం వేసి లోపలికి దూరారు. తాతల కాలం నాటి పద్ధతే, మట్టిగోడ బదులు ఇటుక గోడ. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో లండన్ హ్యాటన్ గార్డెన్‌లో వయసు మళ్లిన దొంగలు వజ్రపు పళ్ల డ్రిల్‌తో అర మీటరు మందం కాంక్రీటు గోడకు ఒకదాన్నొకటి ఆనుకున్న మూడు రంధ్రాలు వేసి వాల్ట్‌లోకి పాకారు. వాల్ట్ తలుపు జోలికి పోలేదు. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి దొంగలు వెంటిలేటర్ తొలగించి తాడుతో దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బాను ఎత్తుకెళ్లారు. కొద్ది రోజుల్లోనే పోలీసులు పట్టుకోబట్టి డబ్బా తిరిగొచ్చింది. టీఆర్‌టీఎల్-30 పక్కన ఒక్కోసారి కనిపించే 'ఇంటూ 6' అన్న గుర్తు ఇందుకే. తలుపు ఒక్కటే కాదు, ఆరు వైపులూ ముప్పై నిమిషాలు ఆగాయని దాని అర్థం. అది లేని పెట్టె కొన్నవాళ్లు దాని వెనక, పక్కల ఏముందో తామే చూసుకోవాలి.

మన దేశంలో ఈ పరిశ్రమకు పునాది వేసినవారిలో ముందు చెప్పాల్సింది అర్దేషిర్ గోద్రెజ్ పేరు. 1897లో ముంబైలో తాళాలతో మొదలుపెట్టి 1902లో ఇనప్పెట్టెలకు వచ్చారు. ఇప్పుడు ఇనప్పెట్టెలకు ఐఎస్ 550, స్ట్రాంగ్ రూమ్ తలుపులకు ఐఎస్ 11188 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. కొనేవాళ్లు రంగు, బరువు చూసి మోసపోతుంటారు గానీ అడగాల్సింది ప్రమాణం, గ్రేడు. నిప్పుకు ఆగే పెట్టె దొంగకు ఆగదన్నది కూడా గుర్తుంచుకోవాలి. నిప్పు పెట్టెలో నీటిని పట్టి ఉంచే జిప్సం లాంటి పూరకం ఉంటుంది. వేడికి ఆ నీరు ఆవిరై లోపలి కాగితాలను కాపాడుతుంది. పైరేకు మాత్రం పలచన, గడ్డపారకు లొంగుతుంది. ఇళ్లలోని బీరువా లాకరు ఈ రెండిటిలో దేనికిందకూ రాదు. చిన్న ఇనప్పెట్టె కొంటే దాన్ని గచ్చుకు బోల్టులతో బిగించాలి, లేకపోతే దొంగ తలుపుతో కుస్తీ పట్టకుండా పెట్టెనే ఆటోలో వేసుకుపోతాడు.

బ్యాంకు లాకరు తీసుకున్నవాళ్లకు మరో లెక్క. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వల్ల లాకరులోని వస్తువులు పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా. మూడు వేల అద్దె కడితే మూడు లక్షలు. ఇవాళ్టి ధరల్లో ఆ సొమ్ముకు వచ్చే బంగారం ఎంతో మీకే తెలుసు. కాబట్టి ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు స్ట్రాంగ్ రూమ్ తలుపుకు ఐఎస్ 11188 గుర్తింపు ఉందా, గోడలు కాంక్రీటువా ఇటుకవా, రాత్రి అలారం మోగితే ఎవరికి తెలుస్తుంది, వాళ్లు రావడానికి ఎంతసేపు పడుతుంది అని మేనేజరును అడగండి.