నల్లకోటు వేసుకున్నాక

అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల మెట్లు మన పేటల వాళ్ళకి కొత్త కాదు. ఎక్కింది ఎక్కువగా ముద్దాయిలుగా, ఫిర్యాదీలుగా. ప్లీడర్లుగా ఎక్కినవాళ్ళు తక్కువ.

లా చదవటం కంటే చదివాక నిలబడటం కష్టం. సీనియర్ ఇచ్చేది బస్సు ఛార్జీలకి చాలదు. సివిల్ దావాలు భూమి ఉన్నవాళ్ళవి. వాళ్ళు తమ కులం ప్లీడరునే వెతుక్కుంటారు.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాద్దామంటే, 2025 మేలో సుప్రీంకోర్టు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. ఆ మూడేళ్ళు మన కుర్రాడు ఏం తిని బతకాలి? దీనికి ఎవరూ జవాబు చెప్పటం లేదు. ఎన్‌రోల్‌మెంటు ఫీజు మాత్రం దళితులకి 125 రూపాయలే, 2024లో అదే కోర్టు తేల్చింది. ఎక్కువ అడిగితే ఆ తీర్పు చూపించండి.

కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేసి హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరయ్యారు. 1985లో కారంచేడు హత్యాకాండ జరిగాక ఆ పదవి వదిలేశారు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని మామూలు జనం కోసం పుస్తకం రాశారు. పదవి వదలమని నేననను, ఇంట్లో అప్పులు అందరికీ ఉంటాయి. ఆ పుస్తకం పని మాత్రం ఏ జూనియరైనా చెయ్యొచ్చు.

అట్రాసిటీ కేసుల్లో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరు కావాలంటే ఏడేళ్ళ ప్రాక్టీసుండాలి. ఈలోగా పేటలో ఫిర్యాదు రాసిపెట్టండి, ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి, 15ఎ సెక్షన్ కింద బాధితులకున్న హక్కులు వాళ్ళకి చదివి వినిపించండి.