తాళపుచెవి యెవరిచేతి కీయవలెను?

నేను ముప్పదియొక్క సంవత్సరములు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి, పదవీ విరమణానంతరము హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురముంటిని. వ్యాకరణము చదివినవాడు కంప్యూటరు సంగతి చెప్పుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. ఈ సంగతి నాకు చదువువలన రాలేదు. నేను చేసిన యొక పొరపాటువలన వచ్చినది.

నల్లగొండ, సూర్యాపేటల నుండి బస్సులలో వచ్చువారికి పట్టణము మొదట ఎల్.బి. నగర్ చౌరస్తాలో నెదురగును. అక్కడ దిగిన పిల్లలలో ననేకులు పెట్టెలు మోసికొని కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ వీధులలోని వసతిగృహములకు చేరుదురు. ఈ వీధులలో శిక్షణ సంస్థలకు లెక్క లేదు. అట్టి సంస్థ యొకదానిలో నేను 2022వ సంవత్సరమున పిల్లల మంచిచెడ్డలు చూచు పెద్దగా కుదిరితిని. పిల్లల వివరము లన్నియు నొక డేటాబేసులో నుండెడివి. వాటిని వ్రాయునది దేవరకొండ వైపు నుండి వచ్చిన యొక అమ్మాయి. నన్ను మాస్టారూ అని పిలుచుచు, ప్రతి దినము పది గంటలకు ముందే వచ్చి కూర్చుండెడిది.

డేటాబేసు అనగానే భయపడనక్కరలేదు. పహాణీని తలచుకొనుడు. అందు నిలువు గడులు ముందే గీయబడి యుండును: సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, పైరు. పట్వారీ యేటేట ఆ గడులలో వరుసలు నింపెడివాడు. వరుస నింపుట యొక పని. గడి గీయుట, గడి తుడుచుట మరియొక పని. వరుసలో తప్పు పడినచో నొక రైతునకు చెఱుపు. గడియే పోయినచో ఊరంతటికి చెఱుపు. ఈ రెండవ పనిని సాఫ్ట్‌వేరువారు సెటప్ అందురు. అది చేయువానిని డెవలపర్ అందురు. చిక్కేమనగా, వరుసలు నింపువారికిని అప్పుడప్పుడు ఒక చిన్న గీత గీయవలసిన యవసరము కలుగును. అంత మాత్రమునకు డెవలపరు దొరకడు.

మా సంస్థలో జరిగిన దిదియే. జూన్ నెలలో క్రొత్త తరగతులు మొదలయ్యెను. వాటి పేర్లు పట్టికలోనికి ఎక్కినగాని పిల్లలను చేర్చుకొన వీలులేదు. ఆ పేర్లు సెటప్‌లో నున్నవి. డెవలపరు మాదాపురములో నుండును. ఒక పేరు చేర్చుటకు నాలుగు దినములు. చేరుటకు వచ్చిన తండ్రులు వరండాలో నిలుచుండి విసుగుకొనుచుండిరి. నేను చూడలేక, ఆ యమ్మాయికే అధికారమిమ్మని పట్టుబట్టితిని. డెవలపరు ఒకటికి రెండుమారులు వద్దనెను. పిదప విసిగి, మొత్తము తాళపుచెవుల గుత్తియే ఆమె చేతిలో పెట్టెను. ఒక గదికి చాలినంత చెవి చేయుట కెవరికిని తీరిక లేదు.

రెండు నెలలు చక్కగా జరిగెను. ఆగస్టులో నొకనాడు ఆమెకు ఫోను అనియు, ఫోను రెండు అనియు రెండు గడులు కనబడెను. రెండవది యెవరును వాడుట లేదని తలచి, పట్టిక శుభ్రముగా నుండుటకై తొలగించెను. అందున్నవి పల్లెలలోని తండ్రుల నంబర్లు. తొలగించిన గడి ఆ సాఫ్ట్‌వేరులో పదునైదు దినములు నిలువ యుండును. ఆలోపల కోరినచో తిరిగి తేవచ్చును. మాకు తెలిసినది ఇరువదియొకటవ నాడు.

ఆ రాత్రి వసతిగృహములో నొక బాలునికి జ్వరము నెత్తికెక్కి స్మృతి తప్పినది. వాని ఫోనుకు తాళము. తెరచుట యెవరికిని రాదు. ఆసుపత్రివారు తండ్రిని పిలువుమనిరి. పట్టిక తెరచితిమి; గడి లేదు. తెల్లవారిన పిదప వాని యూరివాడొకడు మలక్‌పేటలో నున్నాడని విని, వానిని వెదకి, వానిద్వారా కబురంపితిమి. తండ్రి మధ్యాహ్నమునకు వచ్చెను. బాలుడు కోలుకొనెను. ఆ యమ్మాయి యుద్యోగము మాత్రము పోయినది. గుత్తి యిమ్మన్నది నేనని యాజమాన్యముతో చెప్పితిని. కాని ఆమె పెట్టె సర్దుకొని పోయిన మూడవనాడు చెప్పితిని.

అటుపిమ్మట నేను ఈ శాస్త్రము కొంత తెలిసికొంటిని. 1970లో ఐబిఎం సంస్థలోని కాడ్ అను పండితుడు సమాచారమును వరుసలు, గడులు గల పట్టికలుగా నుంచవచ్చునని ప్రతిపాదించెను. ఆ పట్టికలతో మాటలాడుటకు పుట్టిన భాషయే ఎస్.క్యూ.ఎల్. అందు గ్రాంట్ అను మాటతో అధికారమిత్తురు. రివోక్ అను మాటతో తీసికొందురు. చూచుట, చేర్చుట, దిద్దుట, తొలగించుట అనువానిని వేర్వేరుగా నీయవచ్చును. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను వారిరువురు, ఎవరికైనను వారి పనికి చాలినంత యధికారమే యుండవలెననుటను ఒక సూత్రముగా వ్రాసిరి. సూత్రము చిన్నదే. ఆచరణ యెంత కష్టమో పైన చెప్పితిని.

1976లో గ్రిఫిత్స్, వేడ్ అనువారు మరియొక ముడిని విప్పిరి. అధికారము పొందినవాడు దానిని మరియొకనికిచ్చినచో, మొదటివానినుండి తీసికొన్నప్పుడు రెండవవాని గతి యేమి? ఇది మన కౌలు సంగతివంటిదే. కౌలుదారు ఉపకౌలు కిచ్చెను. అసలు కౌలు రద్దయినచో ఉపకౌలు నిలుచునా? నిలువదనియే వారు తేల్చిరి. ఆ రెండవవానికి అదే యధికారము మరియొక దారిలో ముందే వచ్చియున్నచో నది పోరాదనియు చెప్పిరి. ఊరి పెద్దమనుషులు రచ్చబండపై కూర్చుండి చేసిన తీర్పువలె నున్నది గదా!

నేడు కార్యాలయములలో విరివిగా వాడు సేల్స్‌ఫోర్స్ వంటివానిలో ఈ విభజన యింకను సూక్ష్మమైనది. సెటప్‌ను చూచుటకు మాత్రమే యొక యనుమతి కలదు. దానితో చేయి పెట్ట వీలులేదు. ప్రతినిధి నిర్వాహకుడను నొక యేర్పాటు కలదు: తన కప్పగించిన వర్గములోని వాడుకరులను చేర్చుట, మరచిన సంకేతపదములను మార్చుట వంటి పనులు అతడు చేయవచ్చును, కాని సమస్త సమాచారమును మార్చగల యధికారమును మాత్రము ఎవరికిని కట్టబెట్టలేడు. సెటప్‌లో ఎవరు ఏమి మార్చిరో నూటయెనుబది దినముల చిట్టా యుండును. ఒకప్పుడు ఏటేట జమాబందిలో గ్రామలెక్కలు తనిఖీ చేసెడివారు. ఈ చిట్టా ప్రతి నిమిషము జరుగు జమాబంది యనవచ్చును. చూచువాడుండవలెను గాని.

మాకు పనికివచ్చిన యుపాయము ఇంతకంటె సులభమైనది. తరగతి పేర్లను సెటప్‌నుండి తీసి, వేరొక చిన్న పట్టికలో వరుసలుగా నుంచితిమి. గడి గీయు పని వరుస వ్రాయు పనిగా మారినది. ఇక పేరు చేర్చువానికి సెటప్ తాళపుచెవితో పనిలేదు. అట్లు మార్చ వీలులేని చోట మరియొక దారి కలదు. డెవలపరు ఒకే యొక పనిచేయు చిన్న ఆజ్ఞను ముందుగా వ్రాసి, దానిని నడుపు హక్కు మాత్రమే యిచ్చును. బ్యాంకులో మనము కిటికీవద్ద కాగితమిత్తుము, రొక్కము చేతికి వచ్చును, ఇనుపగదిలోనికి పోము. అటువంటి కిటికీ యన్నమాట. పోయిన నంబర్లు మరల సేకరించుటకు మాకు దసరా సెలవులు ముగియువఱకు పట్టినది.

ఇదంతయు పట్టణపు గొడవ యనుకొనకుడు. తాళపుచెవి నెవరికి బడితే వారికిచ్చుట యొక కీడైనచో, అన్నియు ఒకేచోట బిగించి యుంచుట మరియొక కీడు. రెండవది మీరు నాకంటె నెక్కువ యెరుగుదురు. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైనది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను, పేరు మార్పు రెండును తహసీల్దారు కార్యాలయములోనే యొక్కసారి ముగియునట్లు చేసిరి, అది మేలే. కాని పాత దోషములను దిద్దు అధికారమును చాలవఱకు జిల్లా కలెక్టరు లాగిన్‌లో నుంచిరి. తండ్రి పేరులో నొక యక్షరము తప్పినను, విస్తీర్ణములో నొక గుంట తగ్గినను, మండల కార్యాలయములోని యధికారి తెరపై దానిని చూడగలిగెడివాడు గాని దిద్దలేకపోయెడివాడు. రైతు కాగితములు పట్టుకొని జిల్లా కేంద్రమునకు తిరిగెను. 2024 మార్చిలో నిలిచిపోయిన దరఖాస్తులకొరకు తహసీల్దారులకును, రెవెన్యూ డివిజను అధికారులకును కొన్ని యధికారములు పంచిరి. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలయ్యెను. అందు దోషములను దిద్దు పనిని అంతస్తులవారీగా విభజించి, అప్పీలు మార్గమును చట్టములోనే చేర్చిరి. ఆచరణ యెట్లున్నదో మీ మీ యూళ్లలో మీకే తెలియును.

కనుక మీరు మండల కార్యాలయమునకు పోయినప్పుడు, మీ పత్రములో తప్పెక్కడ నున్నదో చూపి యూరకుండకుడు. దానిని దిద్దు అధికారము ఎవరి లాగిన్‌లో నున్నదని యడుగుడు. తహసీల్దారుదా, ఆర్డీవోదా, కలెక్టరుదా? ఆ పేరును దరఖాస్తు నకలుపై తేదీతో సహా వ్రాసికొనుడు. ఎదుటి కుర్చీలోనివాడు చేయలేని పనికై వానితో వాదులాడుచు ఎండలో పూట గడుపనక్కరలేదు. పోవలసిన చోటికే నేరుగా పోవచ్చును.